విప్పినా దారం ఎక్కడికీ పోదు

చలి మొదలవగానే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా మఫ్లర్ల మీదే ఉంటాయి. ఈసారీ అంతే. ఊలు, సూదులు, క్రోషా (కొక్కెం సూదితో చేసే అల్లిక), లేసు, ఇంట్లో మిగిలిపోయిన దారాలతో చేసే వస్తువులు, వీటి మీద వచ్చిన ప్రశ్నల్లో కొన్ని ఎంచుకున్నాను. ఒకే ప్రశ్న నలుగురైదుగురు అడిగితే ఒకరి ఉత్తరమే వేశాం, మిగతావాళ్లు ఆ జవాబు తమకే అనుకుని చదువుకోండి.

ప్రశ్న: మేడమ్, మా నాన్నగారు రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకి బండి మీద పాలకేంద్రానికి వెళ్తారు. ఆయన కోసం మొదటిసారి మఫ్లర్ అల్లుతున్నాను. 40 కుట్లు ఎక్కించి, ఒక వరస నిట్ (సాదా కుట్టు), ఒక వరస పర్ల్ (తిరగేసిన కుట్టు) చొప్పున అల్లుతూ వచ్చాను. ఇప్పటికి రెండడుగులైంది. కానీ లెక్కపెడితే సూది మీద 53 కుట్లున్నాయి. కింద సన్నగా, పైకి వచ్చేకొద్దీ వెడల్పుగా ఉంది. పైగా రెండు పక్కలా చుట్టుకుపోయి గొట్టంలా తయారైంది. ఇస్త్రీ చేస్తే సరవుతుందా? అంతా విప్పేయాలంటే ఏడుపొస్తోంది.
— డిగ్రీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఇస్త్రీ మాత్రం చేయొద్దమ్మా. మీరు కొన్నది అక్రిలిక్ ఊలు అయ్యుంటుంది, మన ఊళ్లలో దొరికేది ఎక్కువగా అదే. అది ప్లాస్టిక్ జాతి దారం. వేడి పెట్టె తగిలితే బిగువు పోయి, మెరుగొచ్చి, తడిగుడ్డలా వేలాడిపోతుంది, ఇంకాస్త వేడెక్కితే కరిగి పెట్టెకి అంటుకుంటుంది. అలా అయిన అల్లికను బాగుచేయడం ఎవరివల్లా కాదు.

మీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు. గొట్టంలా చుట్టుకోవడం మీ తప్పు కాదు. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ అల్లితే ఒక పక్క అంతా నున్నగా చిన్న చిన్న 'వి' అక్షరాలు పేర్చినట్టు, రెండో పక్క అంతా బొడిపెల్లా వస్తుంది కదా. ముందు పక్క లాగే తీరు, వెనక పక్క లాగే తీరు ఒకటి కావు, అందుకే పక్క అంచులు వెనక్కీ, కింది అంచు, పై అంచు ముందుకీ చుట్టుకుంటాయి. ఎంత అనుభవమున్న చేయి అల్లినా ఆ అల్లిక అలాగే చుట్టుకుంటుంది. స్వెట్టర్లో పక్కలు కలిపి కుట్టేస్తాం, కింద పట్టీ వేస్తాం కాబట్టి కనబడదు. మఫ్లర్‌కి ఆ వసతి లేదు. రెండు పక్కలా నాలుగైదు కుట్లు ప్రతి వరసలోనూ నిట్ వేసి అంచు కట్టమని కొందరు చెబుతారు, కొంత మేలే గానీ మెడకి చుట్టినప్పుడు మొత్తం మళ్లీ మడతపడుతుంది, నేను చేసి చూశాను.

కుట్లు 40 నుంచి 53 కావడం మాత్రం చేతిలో జరిగిందే. అల్లికను వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూడండి. మధ్యలో అక్కడక్కడా గుండ్రటి కన్నాలు కనిపిస్తే, పర్ల్ నుంచి నిట్‌కి మారేటప్పుడో, ఫోన్ మోగితే మధ్యలో ఆపి మళ్లీ అందుకున్నప్పుడో దారం సూదికి ముందే ఉండిపోయింది, అలాగే నిట్ వేశారు. ఆ దారం సూది మీద ఒక చుట్టు వేసుకుని తర్వాతి వరసలో కొత్త కుట్టయి కూర్చుంటుంది. కన్నాలు లేకుండా అంచు దగ్గరే వెడల్పు పెరిగితే కారణం వేరే. వరస అయ్యాక సూది తిప్పుతాం, అప్పుడు దారం సూది కిందుగా వేలాడాలి. అది సూది మీదుగా వెనక్కి పోయిందంటే మొదటి కుట్టును పైకి లాగేస్తుంది, దాని రెండు కాళ్లూ రెండు కుట్లలా కనిపిస్తాయి, మనం అమాయకంగా రెండింట్లోనూ అల్లేస్తాం. కొత్తగా నేర్చుకునేవాళ్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే. మీకు వరసకొకటి చొప్పున కాకుండా మొత్తం మీద పదమూడే పెరిగాయంటే, చాలాసార్లు దారం సరిగ్గానే పట్టుకున్నారన్నమాట, ఎప్పుడో ఒకసారి తప్పుతోంది. ప్రతి వరస మొదట్లో దారం కిందికి లాగి, ఒక్క కుట్టే ఉందో లేదో చూసి మొదలుపెట్టండి. పది వరసలకోసారి లెక్కపెట్టండి.

ఇప్పుడు విప్పడం సంగతి. విప్పేయండి. బట్ట కత్తిరించడంలో తప్పు జరిగితే ఆ బట్ట పోయినట్టే, వంటలో ఉప్పెక్కువైతే ఆ కూర పోయినట్టే. ఊలు అల్లికలో తప్పు జరిగితే పోయేదేమీ లేదు, దారం పూర్తిగా మీ చేతికి తిరిగొస్తుంది. ఇన్ని చేతిపనుల్లో నాకు దీని మీద ఇంత ఇష్టం కలగడానికి అదే కారణం. కూర్చుని నెమ్మదిగా లాగుతూ కుర్చీ వీపుకి చుట్టుకుంటూ పోండి. విప్పిన దారం నూడుల్స్‌లా వంకరలు తిరిగి ఉంటుంది, భయపడొద్దు. చుట్టిన కట్టను నాలుగుచోట్ల వదులుగా ముడివేసి, గోరువెచ్చని నీళ్లలో పావుగంట ముంచి, పిండకుండా నీడలో వేలాడదీయండి. ఆరేసరికి వంకరలు చాలావరకు పోతాయి. అప్పుడు ఉండ చుట్టుకోండి, మరీ బిగించి చుట్టొద్దు.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు 48 కుట్లు ఎక్కించి, ప్రతి వరసలోనూ రెండు నిట్, రెండు పర్ల్ అల్లుకుంటూ పోండి. 48 నాలుగుతో భాగించబడుతుంది కాబట్టి తిప్పిన ప్రతిసారీ రెండు నిట్‌తోనే మొదలవుతుంది, గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకేమీ లేదు. ఈ అల్లిక చుట్టుకోదు, రెండు పక్కలా ఒకేలా ఉంటుంది, దగ్గరికి ముడుచుకుని మందంగా వస్తుంది కాబట్టి బండి మీద ఎదురుగాలికి మెడను బాగా పట్టి ఉంటుంది. ముడుచుకుంటుందనే ఎనిమిది కుట్లు ఎక్కువ చెప్పాను. పొడవు 150 సెంటీమీటర్లు చాలు. బండి నడిపేవాళ్లకి అంతకంటే పొడవూ వద్దు, చివర కుచ్చులూ వద్దు, గాలికి ఎగిరి చక్రంలో పడే ప్రమాదం ఉంది. రెండు కొసలూ జాకెట్ లోపలికి దోపుకోమని నాన్నగారికి గట్టిగా చెప్పండి.

ప్రశ్న: అక్కా, మేము డాలస్‌లో ఉంటాం. మా అమ్మ కాలేజీ రోజుల్లో రాసుకున్న అల్లికల నోట్‌బుక్ పోయినేడు తెచ్చుకున్నాను. అందులో '8 నంబరు సూదులు' అని ఉంటే ఇక్కడి షాపులో 8 నంబరే కొన్నాను. అమ్మ రాసినన్ని కుట్లే వేశాను, కానీ వలలా వదులుగా, చాలా వెడల్పుగా వచ్చింది. అమ్మ చేతికీ నా చేతికీ అంత తేడానా?

జవాబు: తేడా చేతిలో లేదమ్మా, నంబర్లో ఉంది. అమ్మ రాసుకున్నది పాత బ్రిటిష్ లెక్క, మన దగ్గర తరాలుగా నడిచింది అదే. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8 అంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25, 12 అంటే 2.75. అమెరికా లెక్క దీనికి తలకిందులు, నంబరు పెరిగితే సూది లావవుతుంది. అక్కడి 8 నంబరు 5 మిల్లీమీటర్లు. మీరు కొనాల్సింది అక్కడి 6 నంబరు. ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది గానీ, 40 కుట్ల మీద అది జానెడు మఫ్లర్‌ని జానెడు మీద పావు జానెడు చేసినా ఆశ్చర్యం లేదు.

నోట్‌బుక్ మొత్తం ఒకసారి తిరగేసి ప్రతి నంబరు పక్కనా పెన్సిల్‌తో మిల్లీమీటర్లు రాసుకోండి. అమ్మ రాత మీద మాత్రం దిద్దొద్దు. క్రోషా నమూనాలుంటే ఇంకో చిక్కు ఉంది. బ్రిటిష్ పుస్తకాల్లో డబుల్ క్రోషే అన్నది అమెరికాలో సింగిల్ క్రోషే, వాళ్ల ట్రెబుల్ మీ దగ్గర డబుల్. పేరు ఒకటే, కుట్టు వేరు. దారం కూడా అంతే: బ్రిటిష్ లెక్కలో 4 ప్లై అంటే సన్న దారం, అమెరికా లేబుల్ మీద 4 అంకె ఉంటే మధ్యరకం లావు దారం. అందుకని అంకెల్ని పక్కనపెట్టి, ముందు నాలుగు అంగుళాల చదరం ఒకటి అల్లి, పది సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు వచ్చాయో లెక్కపెట్టుకోవడం మంచిది. ఆ చదరం అల్లడానికి గంట పడుతుంది. వారం రోజుల పని విప్పే బాధ తప్పుతుంది. ఒక సాయంత్రం వీడియో కాల్‌లో అమ్మ చేత కూడా ఓ చదరం అల్లించండి, ఇద్దరివీ పక్కపక్కన పెడితే ఎవరి చేయి బిగువో తేలిపోతుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది మొగల్తూరు దగ్గర పల్లె. మా మామ్మ చిన్నప్పట్నుంచీ లేసు అల్లుతుంది. ఏజెంటు దారం ఇచ్చి వెళ్తాడు, అల్లినవి పట్టుకెళ్తాడు, చేతికొచ్చేది చాలా తక్కువ. అందుకే మా అమ్మని నేర్చుకోనివ్వలేదు, నన్నూ వద్దంటోంది. నాకేమో ఊలుతో స్కార్ఫులు, బ్యాగులు అల్లాలని ఉంది. లేసు పని వచ్చినవాళ్ల దగ్గర ఊలు అల్లిక నేర్చుకోవచ్చా? ఇంట్లో వద్దన్నదాన్ని నేర్చుకోవడం తప్పా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

నేర్చుకోవచ్చా అంటే, మీ ఇంట్లో ఉన్నంత మంచి గురువు మీకు బయట దొరకదు. లేసూ క్రోషానే. మామ్మగారు వాడేది రెండు మిల్లీమీటర్ల లోపు సన్న కొక్కెం సూది, నూలు దారం. స్కార్ఫుకి 4 లేదా 5 మిల్లీమీటర్ల సూది, ఊలు. గొలుసు కుట్టు అదే, దాని మీద నిలబెట్టే కుట్లు అవే. సన్నపని చేసిన చేతికి లావుపని రెండు రోజుల్లో అలవాటవుతుంది. మొదట్లో ఆవిడ అలవాటు కొద్దీ దారం బాగా బిగిస్తారు, స్కార్ఫు అట్టలా గట్టిగా వస్తుంది, అప్పుడు సూది ఒక సైజు పెంచండి. ఆవిడ ఎడమ చూపుడువేలి మీద దారం ఎలా ఆడుతుందో దగ్గర కూర్చుని చూడండి. కుడిచేతిలో కొక్కెం కదలడం అందరూ చూస్తారు. పనంతా నిజానికి ఎడమచేతి వేలిదే, దారం ఎంత వదలాలో ఎంత ఆపాలో అదే చూసుకుంటుంది. యాభై ఏళ్లు అల్లిన వేలికి ఆ చోట చర్మం కాస్త నున్నగా, గట్టిగా ఉంటుంది, అడిగి తాకి చూడండి.

మామ్మగారు వద్దనడం వెనక ఉన్నది ఆ పని మీద అయిష్టం కాదేమో. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఈ లేసు పందొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో మొదలైంది, విదేశాలకు ఎగుమతయింది, వ్యాపారులు బాగుపడ్డారు. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మీ ప్రాంతంలో తిరిగి ఈ ఆడవాళ్ల పని మీదే 1982లో ఒక పుస్తకం ప్రచురించారు. రోజంతా అల్లుతున్నా వీళ్లను కార్మికులుగా ఎవరూ లెక్కపెట్టలేదు, ఇంటి పట్టున ఉండే గృహిణులు ఖాళీ సమయంలో చేసుకునే పని అనేశారు, ఆ పేరు మీదే కూలి అంత తక్కువగా ఉండిపోయింది, ఇదీ ఆవిడ చెప్పింది. చేతిపని ఒకరిది, అతుకుపని ఇంకొకరిది, మొత్తం పువ్వు దుప్పటి ఎంతకు అమ్ముడుపోయిందో అల్లినవాళ్లకి తెలియనే తెలియదు. మామ్మగారు చూసిన జీవితం అది. మనవరాలికి వద్దనుకోవడంలో ఆశ్చర్యమేముంది.

2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపుతో కూలి దానంతటదే పెరగదు, కానీ ఇది మా ఊరి పని, మా చేతుల పని అని చట్టం ముందు చెప్పుకునే హక్కొచ్చింది. మీరు ఏజెంటు కోసం కాకుండా మీ ఇష్టం కోసం, మీరు ధర కట్టుకునే వస్తువు కోసం నేర్చుకుంటున్నారని మామ్మగారికి చెప్పండి. ముందు ఆవిడకే ఒక స్కార్ఫు అల్లండి. ఆవిడ జీవితంలో అల్లినవన్నీ పై దేశాలకే పోయుంటాయి.

ప్రశ్న: ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు మఫ్లర్లు అల్లి అమ్ముతున్నాను. ఒకదానికి ఊలు 260 రూపాయలవుతోంది, 18 గంటలు పడుతోంది. 400 అంటే చుట్టాలు కూడా 'బజార్లో 150కే వస్తుందిగా వదినా' అంటున్నారు. ఎంత చెప్పాలో తెలియక టెన్షన్.
— తెనాలి

జవాబు: 400లో ఊలు ఖర్చు తీసేస్తే 140 మిగిలింది, 18 గంటలకి. గంటకి ఎనిమిది రూపాయలు కూడా పడలేదు. పై జవాబులో చెప్పిన కథే మీ ఇంట్లోనూ జరుగుతోంది, చూశారా, ఈసారి మధ్యలో ఏజెంటు కూడా లేడు. బజారులో 150 మఫ్లర్ మెషిన్ మీద నిమిషాల్లో వచ్చేది. దాంతో పోటీ పడాలనుకుంటే ఇక ఆపేయడమే మంచిది, ఎందుకంటే ఎప్పటికీ గెలవలేరు. మీ దగ్గరకి రావాల్సింది ఫలానా రంగు, ఫలానా పొడవు, మా పాప పేరులో మొదటి అక్షరం కావాలి అని అడిగేవాళ్లు. వాళ్లకి ముందే ధర చెప్పండి, ఊలు డబ్బులు ముందే తీసుకోండి. గంటకి మీరు ఎంత అనుకుంటున్నారో కాగితం మీద రాసుకోండి, ఎంతైనా సరే, రాసుకోండి. అప్పుడు తగ్గిస్తే ఎంత తగ్గిస్తున్నారో మీకే తెలుస్తుంది. చుట్టాలకి అమ్మకండి. ఇవ్వాలనిపించినవాళ్లకి ఊరికే ఇవ్వండి, ఇవ్వాలనిపించనివాళ్లకి ధర తగ్గించొద్దు.

గంటలు తగ్గించే దారి కూడా ఉంది. 4 మిల్లీమీటర్ల సూదితో అల్లే బదులు లావు ఊలు తీసుకుని 6 లేదా 7 మిల్లీమీటర్ల సూది పట్టుకుంటే అదే పొడవు సగం టైములో అయిపోతుంది. ఊలు ఒక్కొక్క ఉండ కొనకుండా ఒకే రంగు ఒకేసారి కొనండి. సికింద్రాబాద్ జనరల్ బజార్ వైపు వెళ్లే పనుంటే అక్కడ చూడండి. లేబుల్ మీద లాట్ నంబరు, అంటే ఒకేసారి రంగు వేసిన దారాలకి ఇచ్చే నంబరు, అన్నిటికీ ఒకటే ఉండాలి. షాపు దీపాల కింద ఒకే ఎరుపనిపించినవి ఇంటికొచ్చి ఎండలో చూస్తే రెండు ఎరుపులవుతాయి.

ప్రశ్న: నాకు 63 ఏళ్లు, రిటైరయ్యాను. మనవరాలు అల్లుతుంటే చూసి నాకూ నేర్చుకోవాలనిపించింది. మా స్నేహితులు మగాడివి ఊలు పట్టుకుంటావా అని నవ్వుతున్నారు. ఈ వయసులో వేళ్లు తిరుగుతాయా?
— కర్నూలు

జవాబు: వేళ్లు తిరుగుతాయండీ. నవ్వేవాళ్లకి పెరూ దేశంలోని తకీలె దీవి సంగతి చెప్పండి. టిటికాకా సరస్సులో ఉన్న ఆ దీవిలో సూదులతో అల్లేది మగవాళ్లే, టోపీలు అల్లడం చిన్నతనంలోనే మొదలుపెడతారు, ఆ కళ యునెస్కో జాబితాలో కూడా ఉంది. అంత దూరం ఎందుకు, తెలంగాణలో కురుమల ఇళ్లలో గొర్రెబొచ్చు వడికేది ఎక్కువగా ఆడవాళ్లు, మగ్గం మీద గొంగడి నేసేది మగవాళ్లు. మన నేత ఊళ్లలో మగ్గం గుంటలో కూర్చున్న చేతులు ఎవరివో మీకు తెలియనిది కాదు.

మొదట లావు ఊలు, 6 మిల్లీమీటర్ల వెదురు సూదులు తీసుకోండి. స్టీలు సూదుల మీద కుట్లు జారిపోతాయి, వెదురు మీద ఆగుతాయి. లేత రంగు దారం కొనండి, నల్ల ఊలు మీద కుట్టు కనబడక నాలాంటివాళ్లకే కళ్లు లాగుతాయి. ప్రతి వరసా నిట్ మాత్రమే అల్లండి, పర్ల్ సంగతి నెల తర్వాత. ఇరవై నిమిషాలకోసారి సూదులు దించి అరచేతులు తెరిచి మూసి చేయండి. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రిళ్లు మెలకువ వస్తుంటే మాత్రం అల్లిక ఆపి డాక్టర్‌కి చూపించుకోండి, మణికట్టు దగ్గర నరం నలిగితే అలా అవుతుంది. మనవరాలు తప్పు చూపిస్తే విసుక్కోకండి. మొదటి మఫ్లర్ ఆ అమ్మాయికే ఇవ్వండి.

ప్రశ్న: సిమ్లా నుంచి తెచ్చిన అసలు ఊలు మఫ్లర్ వాషింగ్ మెషిన్‌లో వేడినీళ్లలో వేశాను. చిన్నపిల్లల మఫ్లరంత అయిపోయి అట్టకట్టింది. లాగితే సాగుతుందా? దారంగా విప్పొచ్చా?
— హనుమకొండ

జవాబు: సాగదు, విప్పడానికీ రాదు. గొర్రె ఊలు వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడి, సబ్బు, గుద్దుడు మూడూ కలిస్తే అవి ఒకదానిలో ఒకటి దిగి పట్టుకుంటాయి, ఇక వదలవు. అలా అట్టకట్టిన బట్టకి ఒక సుగుణం ఉంది, కత్తిరించినా అంచు పీలికలు రాదు. కత్తెర తీసుకుని టీ గ్లాసుల కింద పెట్టుకునే బిళ్లలు చేయండి, కళ్లజోడు సంచీ కుట్టండి, గుండుసూదులు గుచ్చుకునే చిన్న దిండు చేయండి. ఇకపై అసలు ఊలు చల్లనీళ్లలో, కొంచెం షాంపూ వేసి, అదిమి అదిమి ఉతకండి. పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కండి, తాడు మీద వేయకుండా చాప మీద పరిచి ఆరబెట్టండి. దాచేటప్పుడు బాగా ఆరిన వేపాకు గుడ్డలో మూటకట్టి పెట్టండి. పురుగు తినేది అసలు ఊలునే, అక్రిలిక్ జోలికి రాదు.

ప్రశ్న: విశాఖలో ఉంటాం. ఇక్కడి ఉక్కకి ఊలు పట్టుకుంటేనే చెమట. అల్లడం ఇష్టం, కానీ ఎవరికి అల్లాలి?

జవాబు: లంబసింగి, అరకు మీకు ఎంతో దూరం లేవు, అక్కడ చలికి వణికే పిల్లలున్న బడులు, హాస్టళ్లు ఉన్నాయి. టోపీలు అల్లితే అడిగి తీసుకుంటారు. మీ కోసమైతే నూలు దారానికి మారండి. నూలు ఊలులా సాగి మళ్లీ దగ్గరికి రాదు, తన బరువుకి తానే కిందికి జారుతుంది, అందుకని స్కార్ఫు అనుకున్న పొడవు కంటే నాలుగు వేళ్లు తక్కువగా ఆపేయండి. స్కార్ఫులే అల్లాలని లేదు. గుమ్మానికి తోరణం, వాటర్ బాటిల్ సంచీ, దేవుడి గదిలో పీటకి గుడ్డ, ఏదైనా నూలుతో బాగుంటుంది. ఎండాకాలమైతే మా ఇంట్లో ఊలు అటకెక్కుతుంది, ప్లాస్టిక్ వైరు బుట్ట మొదలవుతుంది, ఒక్క చెమట మరకా పడదు.

ప్రశ్న: మా అమ్మ ఆరు నెలల క్రితం పోయింది. ఆవిడ సగం అల్లిన స్కార్ఫు సూదుల మీదే ఉంది, నా కోసమే మొదలుపెట్టింది. నేను పూర్తి చేయొచ్చా? నాకు అల్లడం కొద్దిగానే వచ్చు. పాడవుతుందేమోనని ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది.
— కరీంనగర్

జవాబు: అమ్మా, ఈ పేజీ అంతా విప్పండి, విప్పండి అని రాశాను. మీకు మాత్రం చెబుతున్నాను, ఒక్క కుట్టు కూడా విప్పొద్దు.

ముందు చేయాల్సిన పని ఒకటుంది, అది ఈ వారమే చేయండి. ఆ సూదులు స్టీలువైతే ఆరు నెలల్లో తుప్పు మరక దిగే ప్రమాదముంది. మొద్దు సూదిలో తెల్ల నూలు దారం ఎక్కించి, కొస దగ్గర్నుంచి ఒక్కో కుట్టులోంచీ పోనిచ్చి, అన్ని కుట్లూ దారం మీదకి వచ్చాక అమ్మ సూదిని మెల్లగా లాగేయండి. దారం రెండు కొసలూ ముడివేయండి. ఇక కుట్లు జారవు. ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టి రాసిపెట్టుకోండి.

తర్వాత తొందరేమీ లేదు. ఆ ఊలు ఉండ లేబుల్ అమ్మ సంచీలో ఎక్కడైనా ఉందేమో వెతకండి. మిగిలిన దారం చాలకపోతే అదే రంగు కోసం ఊరంతా తిరగకండి, దొరికినా లాట్ మారి తేడా తెలుస్తూనే ఉంటుంది. పూర్తిగా వేరే రంగు తీసుకుంటే ఎక్కడ అమ్మ ఆపిందో, ఎక్కడ మీరు అందుకున్నారో చూడగానే కనబడుతుంది. మీకు అలా కనబడటం ఇష్టమో కాదో మీరే చూసుకోండి. మీ చేయి అమ్మ చేతికంటే బిగువై ఉండొచ్చు, వేరే దారంతో ఒక చిన్న చదరం అల్లి అమ్మ అల్లిక పక్కన పెట్టి చూడండి, కుట్లు చిన్నవిగా ఉంటే మీ సూది ఒక సైజు పెంచండి. అమ్మ అల్లిన చోట వరసలో ఎక్కడైనా తప్పు కనిపించినా దాన్ని అలాగే ఉండనివ్వండి.

ఇవన్నీ చేసేముందు ఊరికే కూర్చుని, దీపం దగ్గర ఆ అల్లికను వెనకా ముందూ చూడండి. చివరి వరస పూర్తయిందా, మధ్యలో ఆగిందా అన్నది తెలుసుకోవాలి. మధ్యలో ఆగి ఉంటే దారం కొస అంచు దగ్గర కాకుండా లోపలెక్కడో ఉంటుంది. అప్పుడు కుట్లు దారం మీదకి తీసేటప్పుడు ఆ చోట ఒక పిన్ను పెట్టండి, మీరు మొదలుపెట్టాల్సింది సరిగ్గా అక్కడి నుంచే.